ఇస్రోలో ఇంటర్న్‌షిప్: దరఖాస్తు ఆగిపోయేది కాలేజీ లెటర్ దగ్గరే

వేసవి సెలవులు దగ్గర పడుతున్నాయంటే చాలు, ఇంజనీరింగ్ కాలేజీల వాట్సాప్ గ్రూపుల్లో ఒక పోస్టర్ తిరగడం మొదలవుతుంది. రాకెట్ బొమ్మ, పక్కన జాతీయ జెండా, కింద ‘ఇస్రో ఇంటర్న్‌షిప్, కొన్ని సీట్లే ఉన్నాయి, ఈ నంబరుకి ఫోన్‌పే చేయండి’ అని. 2023 ఆగస్టు 23న చంద్రయాన్-3 చంద్రుడి మీద దిగినప్పటి నుంచి నా కంటికి ఇలాంటివి మరీ ఎక్కువగా పడుతున్నాయి. డబ్బు కట్టిన పిల్లలకి చివరికి దక్కేది ఎవరైనా ఉచితంగా చేరగలిగే ఆన్‌లైన్ కోర్సు లింకు. లేదంటే ఏ కంప్యూటర్ సెంటర్లోనో తయారైన సర్టిఫికెట్. ఇంకోపక్క సరైన దారిలో దరఖాస్తు పెట్టినవాళ్లు కూడా చాలామంది ఒక చిన్న కాగితం దగ్గర దెబ్బతింటున్నారు. అది కాలేజీ ఇచ్చే లెటర్. ఎక్కువగా దాని గురించే రాస్తాను, మిగతావి గబగబా చెప్పేస్తాను.

ఇస్రోలో విద్యార్థులకి రెండు దారులున్నాయి. ఒకటి ఇంటర్న్‌షిప్, రెండోది స్టూడెంట్ ప్రాజెక్ట్. ఇంటర్న్‌షిప్ గరిష్ఠంగా 45 రోజులు. సైన్స్, టెక్నాలజీ కోర్సుల్లో డిగ్రీ, పీజీ, పీహెచ్‌డీ చదువుతున్నవాళ్లు, చదువు పూర్తయి ఆరు నెలలు దాటనివాళ్లు పెట్టుకోవచ్చు. ప్రాజెక్ట్‌కి మాత్రం కోర్సును బట్టి నిబంధన మారుతుంది. బీటెక్ వాళ్లు ఆరో సెమిస్టర్, అంటే 3-2 పూర్తి చేసి ఉండాలి, కనీసం 45 రోజులు చేయాలి. ఎంటెక్, ఎమ్మెస్సీ వాళ్లకి మొదటి సెమిస్టర్ అయ్యాక అర్హత వస్తుంది, కనీసం 120 రోజులు చేయాలి. బీఎస్సీ, డిప్లొమా వాళ్లకి చివరి సంవత్సరంలోనే అవకాశం. 2-2లో ఉన్నవాళ్లు ‘ప్రాజెక్ట్’ ఎంచుకుని పంపితే ఎంత మంచి మార్కులున్నా పక్కన పెట్టేస్తారు. స్టైపెండ్ ఉండదు. ఉండటానికి, తినడానికి ఏర్పాట్లు మీవే అనుకుని బయల్దేరండి.

రెండింటికీ 60 శాతం మార్కులు గానీ, పది స్కేలు మీద 6.32 సీజీపీఏ గానీ ఉండాలి. ఈ 6.32 దగ్గర ఒక చిన్న చిక్కు ఉంది. సీజీపీఏని శాతంలోకి మార్చే ఫార్ములా యూనివర్సిటీకొకటి. జేఎన్టీయూ హైదరాబాద్ ఆర్18 (2018 నిబంధనలు) వాళ్ల లెక్క ప్రకారం సీజీపీఏలోంచి 0.5 తీసేసి పదితో గుణించాలి. అలా చేస్తే 6.32 కాస్తా 58.2 శాతం అయి కూర్చుంటుంది. మెమోలో సీజీపీఏ ఉంటే ఫారంలోనూ సీజీపీఏనే రాయండి. అడగని శాతాన్ని మీరే లెక్కగట్టి చేతిలో ఉన్న అర్హతను పోగొట్టుకోకండి.

ఏ కేంద్రానికి పెట్టాలి

ఇస్రోకి ఒకే ఫారం, ఒకే గుమ్మం ఉంటుందనుకుంటారు చాలామంది. నిజానికి ఏ కేంద్రం దరఖాస్తులు ఆ కేంద్రమే తీసుకుంటుంది, నోటీసు కూడా దాని వెబ్‌సైట్లోనే ఉంటుంది. మనకి దగ్గర్లో ఉన్నవి హైదరాబాద్‌లోని ఎన్ఆర్ఎస్‌సీ (నేషనల్ రిమోట్ సెన్సింగ్ సెంటర్), శ్రీహరికోటలోని రాకెట్ ప్రయోగ కేంద్రం షార్. తిరుపతి దగ్గర గాదంకిలో ఉన్న నార్ల్ కూడా అంతరిక్ష శాఖ కిందిదే. వాతావరణం పై పొరలను 53 మెగాహెర్ట్జ్ రాడార్‌తో గమనించే చోటు అది. ఫిజిక్స్, ఈసీఈ పిల్లలు దాన్ని ఎందుకు పట్టించుకోరో నాకు ఇప్పటికీ అర్థం కాదు. శాటిలైట్ల తయారీ బెంగళూరు యుఆర్ రావు కేంద్రంలో, రాకెట్ల డిజైన్ తిరువనంతపురం విక్రమ్ సారాభాయ్ కేంద్రంలో, ఇంజిన్ల పరీక్షలు తమిళనాడు మహేంద్రగిరిలో, శాటిలైట్ల మీద పెట్టే పరికరాల పని అహ్మదాబాద్ శాక్‌లో జరుగుతుంది. సివిల్, సీఎస్‌ఈ వాళ్లకి ఎన్ఆర్ఎస్‌సీ బాగా నప్పుతుంది. శాటిలైట్ చిత్రాల నుంచి వరద ముంపు, పంటలు, అడవుల మ్యాపులు తయారుచేసేది అక్కడే. బాలానగర్, జీడిమెట్ల, షాద్‌నగర్ మూడు చోట్లా దానికి క్యాంపస్‌లు ఉన్నాయి. షాద్‌నగర్ పడితే హైదరాబాద్ నుంచి 50 కిలోమీటర్ల పైమాటే, రూము తీసుకునే ముందు ఏ క్యాంపస్సో కనుక్కోండి.

ఫారంలో ‘ఆసక్తి ఉన్న అంశం’ అని ఒక గడి ఉంటుంది. అందులో ‘ఏదైనా పర్వాలేదు’, ‘స్పేస్ టెక్నాలజీ’, ‘ఏఐ’ అని రాసి పంపుతారు. మీ ఫారం చూసి ఒక సైంటిస్ట్ ‘ఈ అబ్బాయిని నేను గైడ్ చేస్తాను’ అనాలి. అలా ఎవరూ ఒప్పుకోకపోతే సీటు లేనట్టే. ‘గోదావరి వరదలప్పుడు రాడార్ శాటిలైట్ చిత్రాల్లో నీట మునిగిన పొలాలను గుర్తించడం. పైథాన్ వచ్చు, మ్యాపుల సాఫ్ట్‌వేర్ క్యూజీఐఎస్‌లో ఒక మినీ ప్రాజెక్ట్ చేశాను’ అని రాస్తే చదివే మనిషికి మీ ఫారం ఎవరి బల్ల మీదకి పంపాలో తెలుస్తుంది. నోటీసులో ఆ కేంద్రం అంశాల జాబితా ఇచ్చి ఉంటే అందులోంచే తీసుకోండి.

అసలు కాగితం

ఫారం నింపడానికి పావుగంట పట్టదు. లెటర్ మాత్రం కొందరికి మూడు వారాలు పడుతుంది. ‘సార్ ఇన్‌స్పెక్షన్‌లో ఉన్నారు, రేపు రా’ దగ్గర మొదలై, గడువు ముగిసే రోజు సాయంత్రం ఏదో ఒక కాగితం చేతికొస్తుంది. తీరా చూస్తే అది ఆఫీసులో కట్టలుగా పడి ఉండే బోనఫైడ్. పేరు, రోల్ నంబరు పెన్నుతో నింపి, ‘ఏ నిమిత్తం’ అన్నచోట బస్ పాస్ అనో స్కాలర్‌షిప్ అనో ముందే అచ్చయి ఉంటుంది. దాన్నే ఫొటో తీసి అప్‌లోడ్ చేస్తారు. ఈ అమ్మాయి మా కాలేజీలో చదువుతోంది అన్నంతవరకే ఆ కాగితం చెబుతుంది. కేంద్రం అడిగేది వేరు: ఈ విద్యార్థిని మేమే పంపుతున్నాం, ఆ రోజుల్లో తను మీ దగ్గర ఉండటానికి మాకు అభ్యంతరం లేదు, తన నడవడికకి మాదీ బాధ్యత అని కాలేజీ రాతపూర్వకంగా చెప్పాలి.

అందుకే లెటర్ కాలేజీ లెటర్‌హెడ్ మీదే ఉండాలి. పైన రిఫరెన్స్ నంబరు, తేదీ, ఎవరికి రాస్తున్నారో ఆ కేంద్రం పేరు ఉండాలి. లోపల మీ పూర్తి పేరు, హాల్ టికెట్ నంబరు, కోర్సు, సెమిస్టర్, ఇప్పటిదాకా వచ్చిన సీజీపీఏ, ఇంటర్న్‌షిప్పా ప్రాజెక్టా, ఏ అంశం, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా అన్నవి రావాలి. కింద సంతకం, సంతకం చేసినవారి పేరు, హోదా, గుండ్రటి సీలు. కాలేజీ ఈమెయిల్, ఫోన్ నంబరు కూడా ఉంటే మంచిది, అనుమానం వస్తే వాళ్లు అడిగి తెలుసుకుంటారు. సంతకం ప్రిన్సిపాల్‌దా, హెచ్‌ఓడీదా అన్నది నోటీసులో చూడండి. స్పష్టంగా లేకపోతే ఇద్దరిదీ చేయించుకోండి, రెండు సంతకాలున్నాయని ఎవరూ వెనక్కి పంపరు.

ఇక్కడ పని జరిగే పద్ధతి ఒకటుంది. లెటర్ కావాలని అర్జీ పెట్టి కూర్చోకుండా, ఈ వివరాలన్నీ పెట్టి మీరే డ్రాఫ్ట్ టైప్ చేసుకుని, ప్రింటు ఒకటి, పెన్‌డ్రైవ్‌లో ఫైలు ఒకటి తీసుకెళ్లండి. ముందు హెచ్‌ఓడీకి చూపించి చిన్న సంతకం పెట్టించుకోండి. అది ఉన్న కాగితాన్ని ఆఫీసులో లెటర్‌హెడ్ మీద తీసివ్వడానికి ఎవరికీ బరువనిపించదు. సెమిస్టర్ పరీక్షల వారంలో మాత్రం వెళ్లొద్దు, ఆఫీసులో మీ మాట వినే తీరిక ఎవరికీ ఉండదు.

తేదీల దగ్గర ఇంకో మెలిక. లెటర్లో ‘మే 15 నుంచి జూన్ 28 వరకు’ అని బిగించి రాయిస్తారు. కేంద్రం జూన్ 2న రమ్మంటుంది, అంతే, మళ్లీ లెటర్, మళ్లీ సంతకాలు, మళ్లీ టెన్షన్. ‘మే 15కి, జూలై 31కి మధ్య 45 రోజులు’ అని రాయిస్తే కొంత వెసులుబాటు ఉంటుంది. ఈ 45 కూడా ఊరికే రాయకండి. మీ కాలేజీ క్రెడిట్ల కోసం ఎన్ని వారాలు అడుగుతోందో ముందే చూసుకోండి. ఎనిమిది వారాలంటే 56 రోజులు, ఇస్రో ఇంటర్న్‌షిప్ గరిష్ఠం 45. మిగతా రోజుల సంగతి బయల్దేరే ముందే హెచ్‌ఓడీతో మాట్లాడుకోవాలి. తిరిగొచ్చాక అడిగితే వినేవాళ్లుండరు.

పేరు సంగతి మన తెలుగు పిల్లలకి ప్రత్యేకం. టెన్త్ మెమోలో ఇంటిపేరు పూర్తిగా ముందుంటుంది, ఆధార్‌లో ఒక్క అక్షరంగా మిగులుతుంది, కాలేజీ ఐడీలో చివరికి పోతుంది. మూడు కాగితాల్లో మూడు పేర్లు. భద్రత ఉన్న ప్రాంగణంలోకి పంపేవాళ్లు వీటిని అక్షరం అక్షరం పోల్చి చూస్తారు. ఆధార్ సరిచేసుకునే వ్యవధి ఉంటే ఇప్పుడే మొదలుపెట్టండి. లేకపోతే లెటర్లో టెన్త్ మెమో ప్రకారం పూర్తి పేరు రాయించి, ‘ఆధార్‌లో పేరు ఇలా ఉంది, ఇద్దరూ ఒకరే’ అని ఒక వాక్యం చేర్పించండి. కాలేజీ సీలు ఉన్న కాగితం మీద ఆ ఒక్క వాక్యం ఉంటే గేటు దగ్గర మాట్లాడటానికి మీకో ఆధారం దొరుకుతుంది.

కొన్ని చోట్ల పోలీస్ వెరిఫికేషన్ కూడా అడుగుతారు. రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీఓ ల్యాబ్‌లకి పెట్టుకునేవాళ్లు దీనికి ముందే సిద్ధపడాలి. పాస్‌పోర్ట్ ఆఫీసు ఇచ్చే క్లియరెన్స్ సర్టిఫికెట్ విదేశాలకు వెళ్లేవాళ్ల కోసం. దానికి డబ్బు కట్టి తెచ్చుకోకండి, మన రాష్ట్ర పోలీసుల దగ్గరే తీసుకోవాలి.

డబ్బు అడిగేవాళ్ల గురించి

‘మాకు కోటా ఉంది’, ‘లోపల మావాళ్లున్నారు’ అని ఎవరైనా అంటే ఒక్క ప్రశ్న వేయండి: గైడ్ ఎవరు, ఏ కేంద్రం, ఏ డివిజన్? సమాధానం రాదు. సైంటిస్ట్ ఒప్పుకోవాలి, కాలేజీ రాసివ్వాలి. ఈ రెండూ బయటివాళ్ల చేతిలో లేనివి, వాళ్లు అమ్మడానికి ఏమీ లేదు. నోటీసులో లేని రూపాయి ఎవరికీ కట్టొద్దు. ఏ ప్రభుత్వ ల్యాబ్ అయినా ఏదైనా ఫీజు తీసుకుంటే అది నోటీసులో రాసి ఉంటుంది, సంస్థ ఖాతాకే వెళ్తుంది. ఎవరి సొంత ఫోన్ నంబరుకో వెళ్లదు.

వెబ్‌సైట్ చిరునామా చివర ‘డాట్ జీఓవీ డాట్ ఇన్’ ఉందో లేదో చూడండి. జీఓవీ అన్న ముక్క మధ్యలో ఎక్కడో ఉండి చివర ఇంకేదో ఉంటే అది ప్రభుత్వానిది కాదు. అహ్మదాబాద్‌లోని పీఆర్‌ఎల్ లాంటి పరిశోధన సంస్థల చిరునామా ‘ఆర్ఈఎస్ డాట్ ఇన్’తో ముగుస్తుంది, దాన్ని చూసి కంగారు పడనక్కర్లేదు. అనుమానంగా ఉంటే ఇస్రో ప్రధాన వెబ్‌సైట్ తెరిచి అక్కడి నుంచి కేంద్రం పేజీకి వెళ్లండి. వాట్సాప్‌లో వచ్చిన లింకు నొక్కి మాత్రం వెళ్లొద్దు.

డెహ్రాడూన్‌లోని ఇస్రో శిక్షణ సంస్థ ఐఐఆర్‌ఎస్ నడిపే ఆన్‌లైన్ కోర్సులు మంచివే, ఉచితమే, హాజరు సరిపోతే సర్టిఫికెట్ కూడా ఇస్తారు. కానీ అది కోర్సు చేసినట్టు, ఇంటర్న్‌షిప్ చేసినట్టు కాదు. రెజ్యూమేలో ‘ఇస్రో ఇంటర్న్’ అని రాసుకుంటే ఇంటర్వ్యూలో రెండో ప్రశ్నకే దొరికిపోతారు. ఇస్రో దగ్గర స్పేస్ ట్యూటర్లుగా నమోదైన సంస్థలూ ఉన్నాయి. వాటి పని అంతరిక్ష విషయాల మీద అవగాహన కల్పించడం, ఇస్రోలో సీటు ఇప్పించడం కాదు. ఇప్పటికే ఎవరికైనా డబ్బు కట్టి మోసపోయి ఉంటే సిగ్గుపడి ఊరుకోకండి. సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి వెంటనే ఫోన్ చేయండి. ఎంత త్వరగా చేస్తే డబ్బు ఆపే అవకాశం అంత ఎక్కువ. ఇంట్లో కూడా చెప్పేయండి, మీలాంటివాళ్లు చాలామందే ఉన్నారు.

పిలుపు వచ్చాక

పిలుపు ఈమెయిల్లో వస్తుంది, స్పామ్ ఫోల్డర్ కూడా చూస్తూ ఉండండి. రాకపోతే మీరు పనికిరారని కాదు. ఆ నెలల్లో గైడ్ చేసే తీరిక ఎవరికీ లేకపోయి ఉండొచ్చు. అదే లెటర్లో కేంద్రం పేరు మార్పించి ఇంకో చోటికి పెట్టండి. ఇస్రోవి కాకపోయినా, సబ్జెక్టును బట్టి హైదరాబాద్‌లోనే ఎన్‌జీఆర్‌ఐ (భూభౌతిక శాస్త్రం), సీసీఎంబీ (జీవశాస్త్రం), ఐఐసీటీ (రసాయన శాస్త్రం) ఉన్నాయి, వాటి నిబంధనలు వేరు.

చేరే రోజు లెటర్ ఒరిజినల్ తీసుకెళ్లండి. కలర్ జిరాక్స్ తెచ్చి గేటు దగ్గరే ఆగిపోయినవాళ్లున్నారు. ఫోన్, ల్యాప్‌టాప్, పెన్‌డ్రైవ్ లోపలికి రానివ్వకపోవచ్చు, అందుకని కావలసిన నంబర్లు ఒక చీటీ మీద రాసుకోండి. పని చేసిన డేటా, ప్రోగ్రాం మీ సొంతమనుకుని మెయిల్ చేసుకోవడం, లోపలి ఫొటోలు స్టేటస్‌లో పెట్టడం చేయొద్దు. పేపర్ ప్రచురించాలన్నా ముందు అనుమతి కావాలి. రిపోర్ట్ ఇచ్చాకే సర్టిఫికెట్ ఇస్తారు. ఆ రిపోర్ట్‌ని గైడ్ చదివి, బయటికి తీసుకెళ్లొచ్చని అనుమతి వచ్చేసరికి కొన్ని రోజులు గడిచిపోతాయి. కాలేజీలో వైవా తేదీ దగ్గర్లో ఉంటే ఆఖరి రోజు దాకా ఆగకుండా కనీసం పది రోజుల ముందే రిపోర్ట్ గైడ్ చేతికి ఇవ్వండి.