సరోగసీకి వెళ్లాలనుకుంటే ముందు కాగితాలు, ఆ తర్వాతే పిండం

చాలామంది ముందు సరోగేట్‌ని (తమ బిడ్డని కడుపులో మోసి కని ఇచ్చే ఆవిడని) వెతుక్కుంటారు, కాగితాలు క్లినిక్ వాళ్లే చూసుకుంటార్లే అనుకుంటారు. 2021 సరోగసీ చట్టం 2022 జనవరి 25 నుంచి అమల్లోకి వచ్చింది, ఇప్పుడు మన దేశంలో అలా కుదరదు.

ముందు మీకు అర్హత ఉందో లేదో చూసుకోండి. పెళ్లైన జంటైతే భార్యకి 23-50, భర్తకి 26-55 ఏళ్ల మధ్య ఉండాలి, ఒంటరి ఆడవాళ్లలో భర్త పోయినవాళ్లకి, విడాకులైనవాళ్లకి మాత్రమే, అదీ 35-45 మధ్యలో. (చట్టం రాకముందే ఈ ప్రాసెస్ మొదలుపెట్టి పిండాలు ఫ్రీజ్ చేయించుకున్న జంటలకి ఈ వయసు లిమిట్ అడ్డు కాదని 2025 అక్టోబర్లో సుప్రీంకోర్టు చెప్పింది, మీదీ అదే కేసైతే లాయర్ని కలవండి.) ఇప్పటికే బిడ్డ ఉంటే, ఆ బిడ్డకి వైకల్యమో ప్రాణాంతక జబ్బో ఉంటే తప్ప కుదరదు. సహజీవనం చేసేవాళ్లకి, అసలు పెళ్లే చేసుకోనివాళ్లకి దారి లేదు, ఇది న్యాయమని నాకైతే అనిపించదు కానీ ప్రస్తుతానికి రూలు ఇదే.

గర్భసంచి లేదని మీ డాక్టర్ చెప్తే చాలదు, జిల్లా మెడికల్ బోర్డు సర్టిఫికెట్ కావాలి. జంటలో ఒకరి అండమో వీర్యమో పనికిరాక దాత దగ్గర తీసుకోవాల్సొస్తే, 2024 సవరణ ప్రకారం దానికీ బోర్డే రాసివ్వాలి.

ఇక అసలు ముఖ్యమైంది కోర్టు ఆర్డర్. మీరూ సరోగేటూ కలిసి ఫస్ట్ క్లాస్ మేజిస్ట్రేట్ కోర్టులో అప్లికేషన్ పెట్టాలి, పుట్టబోయే బిడ్డకి తల్లిదండ్రులు ఎవరు, కస్టడీ ఎవరిది అని ఆర్డర్ తీసుకోవాలి, బిడ్డ పుట్టాక బర్త్ అఫిడవిట్‌గా, అంటే బిడ్డ మీదేనని చూపే పత్రంగా పనికొచ్చేది ఈ ఆర్డరే. అందుకని అప్లికేషన్‌లో మీ పేర్లు, ఇంటిపేరుతో సహా, ఆధార్‌లో ఉన్నట్టే ఉన్నాయా అని అక్షరం అక్షరం చూసుకోండి, ఒక్క అక్షరం తేడా వచ్చినా తర్వాత ఆఫీసుల చుట్టూ తిరగాల్సింది మీరే.

సరోగేట్ పేరు మీద 36 నెలల హెల్త్ ఇన్సూరెన్స్ కూడా తీయాలి, డెలివరీ తర్వాత వచ్చే కాంప్లికేషన్లు కూడా అందులో కవర్ కావాలి. ఇవన్నీ జతచేసి అప్రోప్రియేట్ అథారిటీకి (సరోగసీకి అనుమతులిచ్చే ప్రభుత్వ అధికారులకి) పెడితేనే ఎసెన్షియాలిటీ సర్టిఫికెట్ (సరోగసీ అవసరమేనని), ఎలిజిబిలిటీ సర్టిఫికెట్ (అర్హత ఉందని) వస్తాయి.

సరోగేట్‌కి పెళ్లై సొంత బిడ్డ ఉండాలి, వయసు 25-35, ఆవిడ జీవితంలో ఇది ఒక్కసారే, ఆవిడ అండం వాడకూడదు. చుట్టమే అయ్యుండాలని చాలామంది అనుకుంటారు, అదేం లేదు, ఇష్టపడి ముందుకొస్తే చాలు. డబ్బు మాత్రం వైద్యం ఖర్చులు, ఇన్సూరెన్స్, రూల్స్‌లో చెప్పిన మిగతా ఖర్చుల వరకే, గిఫ్ట్ అని పేరు మార్చి ఇచ్చినా తప్పే. కమర్షియల్ సరోగసీకి వెళ్లిన జంటకే మొదటిసారి 5 ఏళ్ల దాకా జైలు, 5 లక్షల దాకా జరిమానా ఉంది, కాబట్టి ప్యాకేజీ రేటు చెప్పే బ్రోకర్ ఫోన్ వెంటనే పెట్టేయండి. క్లినిక్‌కి వెళ్తే అందరికీ కనిపించేచోట రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ పెట్టారా, గడువు ఉందా అని చూడండి.

పిండం పెట్టేలోపు సరోగేట్ ఎప్పుడైనా వద్దనొచ్చు, ఆవిడని ఏమీ అనడానికి లేదు. ఆ తర్వాత అబార్షన్ కావాలన్నా ఆవిడ రాతపూర్వక ఒప్పుకోలు, అథారిటీ పర్మిషన్ రెండూ ఉండాలి, కవలలు పుట్టారనో బిడ్డకి లోపముందనో మీరు వదిలేసి వెళ్లడానికి లేదు.