ఫిజియో చెప్పిన సవరణలు ఇంట్లోనూ పాటించడం ఎలా?

ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు ఉండే మన తెలుగువాళ్లలో చాలామందికి మోకాలి మార్పిడి ఆపరేషన్ విశాఖలోనో బరంపురంలోనో అవుతుంది. ఆపైన వారాల తరబడి వ్యాయామం మాత్రం ఇంట్లోనే. తప్పు చేస్తే చెప్పేవాళ్లు అక్కడ ఉండరు. కాబట్టి ఫిజియో (వ్యాయామాలు నేర్పే ఫిజియోథెరపిస్టు) సరిదిద్దిన ప్రతిదానికీ, మనమే చూసుకోగలిగే గుర్తు ఒకటి పెట్టుకుని ఇంటికి బయల్దేరాలి.

ముందుగా, ఫిజియో ఎదుటే మీరు చేసి చూపించండి. కాలు చాపి తొడ బిగించే వ్యాయామమే తీసుకోండి. "తొడ బిగించమ్మా" అంటే చాలామంది పిరుదులు బిగిస్తారు, ఊపిరి బిగబడతారు. అదే మోకాలి కింద అరచెయ్యి పెట్టి "నా చేతిని మంచానికేసి నొక్కండి" అంటే తొడ దానంతటదే గట్టిపడుతుంది, మోకాటి చిప్ప కాస్త పైకి జరుగుతుంది. ఇంట్లో ఆ చేతికి బదులు మడతపెట్టిన తువ్వాలు పెట్టుకోండి. ఐదు లెక్కపెట్టేదాకా నొక్కి వదలండి. తువ్వాలు అణిగి, చిప్ప జరిగితే సరిగ్గా చేస్తున్నట్టే.

మోకాలు వంచడానికి కుర్చీలో కూర్చుని, పాదం కింద గుడ్డ వేసి వెనక్కి జరపండి. బొటనవేలు ఆగినచోట సుద్దముక్కతో గీత గీయండి. కుర్చీ కాళ్ల దగ్గరా గీతలుండాలి, లేకపోతే రేపటికి లెక్క తప్పుతుంది. తుంటి పైకెత్తితే పాదం గీత దాటుతుంది గానీ మోకాలు వంగదు. ఇంట్లోవాళ్లు పక్కన కూర్చుని కనిపెట్టాల్సింది ఇదే. మీరు సరిగ్గా చేసినప్పుడు, ఫిజియోని అడిగి, పక్కనుంచి ఫోన్‌లో వీడియో తీయించుకోండి.

ఫిజియో దగ్గర మొదటి రోజులు గడిచాక ప్రతిసారీ "సరిగ్గా ఉందా?" అని అడగడం తగ్గించండి. ఐదుసార్లు చేసి, ఎలా కుదిరిందో ముందు మీరే చెప్పండి, తర్వాత ఫిజియో మాట వినండి. 1990లో విన్‌స్టీన్, ష్మిట్ చేసిన పరిశోధనలో ప్రతి ప్రయత్నానికీ ఫలితం చెప్పించుకున్నవాళ్లకన్నా, సగం ప్రయత్నాలకే చెప్పించుకున్నవాళ్లకు నేర్చుకున్న చేతి కదలిక బాగా నిలిచింది. వాళ్లు ఆపరేషన్ అయినవాళ్లు కారు. అయినా ఒంటరిగా చేయాల్సిన మనకు ఈ పద్ధతి పనికొస్తుందనే నా నమ్మకం.

మీరూ ఫిజియోకి చెప్పాలి. మన పెద్దవాళ్లు పళ్లబిగువున భరిస్తూ "పర్లేదు బాబూ" అంటారు. ఆ మాటతో వ్యాయామం పెంచాలో తగ్గించాలో ఫిజియోకి తెలియదు. నొప్పిని సున్నా నుంచి పది వరకు అంకెతో చెప్పండి, చోటు వేలితో చూపించండి. ఫిజియోకి ఒడియా తప్ప రాకపోయినా ఇది అర్థమవుతుంది. మర్నాడు పొద్దున కూడా వాపు, నొప్పి ముందుకన్నా ఎక్కువగా ఉంటే అదీ చెప్పండి.

పిక్క వాచి నొప్పెడుతున్నా, కుట్ల దగ్గర చీము కారుతున్నా, జ్వరం వచ్చినా వ్యాయామం ఆపి అదే రోజు డాక్టరుకు చూపించాలి. ఆయాసం, ఛాతీనొప్పి వస్తే క్షణం ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి.