విడిగా అన్నీ పనిచేస్తాయి, కలిపితే ఆగిపోతాయి: టీమ్ ప్రాజెక్టుల్లో సమస్యలు - పరిష్కారాలు

విజయవాడలో ఫైనల్ ఇయర్ పిల్లల ప్రాజెక్టులకు గైడుగా ఉంటున్నాను. మెకానికల్, ఈసీఈ, సీఎస్‌ఈ వాళ్లు కలిసి కొత్త వస్తువు తయారుచేసేటప్పుడు చిక్కులు ఎక్కువగా బ్రాంచికీ బ్రాంచికీ మధ్యే వస్తాయి. మిర్చి ఆరబెట్టే పెట్టె చేసిన ఒక టీమ్ అనుభవంతో చెబుతాను.

సమస్య: యాప్‌లో కనిపించే వేడికీ, పెట్టెలో పెట్టిన థర్మామీటరుకూ పొంతన లేదు

సీఎస్‌ఈ పిల్లలు రెండు రోజులు కోడ్ అంతా వెతికారు. తప్పు అక్కడ లేదు. మెకానికల్ వాళ్లు పెట్టెను 60 డిగ్రీల వేడికి డిజైన్ చేశారు. ఈసీఈ వాళ్లు చవగ్గా వస్తుందని డీహెచ్‌టీ11 అనే, వేడిని కొలిచే సెన్సర్ కొన్నారు. అది 50 డిగ్రీల వరకే పనికొస్తుంది. ఎవరి పని వాళ్లు శ్రద్ధగానే చేశారు. ఆ 60 అనే అంకె మాత్రం ఒకరి నోట్‌బుక్ దాటి రెండోవాళ్లకు చేరలేదు.

సెన్సర్ మార్చి డీహెచ్‌టీ22 పెట్టాం. అది 80 డిగ్రీల వరకు కొలుస్తుంది. కానీ అసలు మందు సెన్సర్ కాదు, ఒక కాగితం. మొదటి వారంలోనే అందరూ కూర్చుని రాయాలి: లోపల ఎంత వేడి, ఎన్ని వోల్టులు, ఫ్యాన్ కొలతలు, ఏ వైరు ఎటు నుంచి వస్తుంది, ఏ భాగానికి ఎవరు బాధ్యులు. ఒక్క అంకె మారినా అందరికీ చెప్పాకే మార్చాలి. మూడో వారానికల్లా అట్టపెట్టెతో నమూనా చేసి, ఫ్యాన్, బోర్డు, సెన్సర్ అందులో పెట్టి చూడండి. ఫ్యాన్ మందం 25 మిల్లీమీటర్లు, వదిలిన ఖాళీ 20 అని అట్ట దగ్గరే తెలిస్తే కత్తెరతో సరిపోతుంది. రేకు కోశాక తెలిస్తే డబ్బులు పోతాయి.

సమస్య: ఫ్యాన్ ఆన్ కాగానే ఈఎస్‌పీ32 బోర్డు రీసెట్ అవుతోంది

ఈఎస్‌పీ32 అంటే సెన్సర్‌నూ ఫ్యాన్‌నూ నడిపే చిన్న కంప్యూటర్ బోర్డు. ఫ్యాన్ మోటారు తిరగడం మొదలైన క్షణంలో ఎక్కువ కరెంటు లాగుతుంది. రెండూ ఒకే అడాప్టర్ మీద ఉంటే బోర్డుకు వోల్టేజీ పడిపోతుంది. ఫ్యాన్‌కు వేరే సప్లై ఇచ్చి, రెండింటి గ్రౌండ్ (నెగటివ్) వైర్లు కలపండి. మామూలు డీసీ మోటారయితే దానికి అడ్డంగా డయోడ్ (కరెంటును ఒకవైపే పోనిచ్చే భాగం) కూడా పెట్టండి.

సమస్య: అంతా పనిచేస్తోంది, రైతు మాత్రం వద్దన్నాడు

నాకు ఎక్కువ బాధ కలిగించేది ఇదే. ఆ పిల్లలు పెట్టెను గుంటూరు దగ్గర ఒక కల్లానికి తీసుకెళ్లారు. అక్కడి పెద్దాయన ట్రే చూసి, "బాబూ, దీంట్లో ఒక్కసారికి ఎన్ని బస్తాలు పడతాయి?" అని అడిగారు. ట్రేలో పట్టేది రెండు కిలోలు. ఆయనకు నిజంగా భయం రాత్రి మంచు, అకాల వర్షం. పట్టాలు కప్పేలోపే కాయ తడిసి రంగు పోతుందన్నది ఆయన దిగులు. పిల్లలు ఆ మాట ముందే విని ఉంటే పెట్టె బదులు, వాన రాబోతుంటే హెచ్చరించే పరికరమో, త్వరగా కప్పే ఏర్పాటో చేసేవారు.

టాపిక్ ఖరారు చేయకముందే వెళ్లండి. కాయ కల్లాల్లో ఉండే ఫిబ్రవరి, మార్చి నెలల్లో, అంటే మూడో సంవత్సరంలోనే, వెళ్తే మంచిది. మే దాకా ఆగితే గుంటూరు మిర్చి యార్డుకు (మార్కెట్టుకు) వేసవి సెలవులు. మీ ఐడియా చెప్పకండి. "పోయినసారి ఎక్కడ నష్టపోయారండీ?" అని అడిగి, చెప్పింది చెప్పినట్టు రాసుకోండి.

సమస్య: పనంతా ఒక్కరి మీదే పడింది

ఆ ఒక్కరిని తప్పుపట్టకండి. పై కాగితంలో పేర్లు రాయలేదన్నమాట. ఇప్పుడైనా రాయండి.

సమస్య: ఆటోనగర్ నుంచి వచ్చిన రేకు పని డ్రాయింగ్‌తో సరిపోలేదు

చాలాసార్లు డ్రాయింగులోనే రేకు గేజ్ (మందం) ఉండదు, ఎక్కడ ఎంత తేడా రావచ్చో ఉండదు. మిర్చికి తగిలే భాగం స్టీలా, మామూలు ఇనుమా అన్నదీ రాయరు. ఫోన్‌లో పీడీఎఫ్ పంపి ఊరుకోకుండా, కాగితం మీద ప్రింట్ తీసుకుని, అసలు ఫ్యాన్‌ను చేతిలో పట్టుకుని మేస్త్రీ దగ్గరికి వెళ్లండి. ముందు ఏ వంపు వంచాలో ఆయన చెబుతారు. ఆ వరుసకు తగ్గట్టు డ్రాయింగ్ మార్చుకుని, ఆ తర్వాతే రేకు కోయించండి.