మిలటరీ నుంచి వచ్చినవాళ్లకు ఉద్యోగం ఇస్తారా? అయితే గేటు దగ్గరే ఆపేయకండి

మాజీ సైనికుడు అనగానే మన దగ్గర చాలామంది యజమానులకు సెక్యూరిటీ గార్డు పోస్టే గుర్తొస్తుంది. అదేం తక్కువ పని కాదు, కానీ పదిహేడేళ్లు లారీ ఇంజన్లు విప్పి బిగించిన మెకానిక్‌ని కూడా తీసుకెళ్లి అదే గేటు దగ్గర కూర్చోబెడుతుంటే చూడ్డానికి బాధేస్తుంది. కేంద్ర ప్రభుత్వ రంగ సంస్థల్లో, ప్రభుత్వ బ్యాంకుల్లో గ్రూప్ సి పోస్టులకు 14.5 శాతం, గ్రూప్ డికి 24.5 శాతం రిజర్వేషన్ ఉంది. ప్రైవేటులో అలాంటి నిబంధన లేదు, కాబట్టి ఈ బాధ్యత మీరే మీద వేసుకోవాలి.

మనుషులు దొరకడం కష్టమేం కాదు. మీ జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి ఒక ఉత్తరం పెట్టండి, అందులో పోస్టు, పని వేళలు, ఊరు, జీతం స్పష్టంగా రాయండి. జీతం దగ్గర 'అర్హతను బట్టి' అని వదిలేయకుండా అంకె వేయండి. ఎక్కువమంది కావాలంటే రక్షణ శాఖ కింద ఢిల్లీలో డైరెక్టరేట్ జనరల్ రీసెటిల్‌మెంట్ ఉంది, డీజీఆర్ అంటారు, వాళ్లు జాబ్ ఫెయిర్లు కూడా పెడతారు.

అసలు పని రెజ్యూమె చేతికొచ్చాక మొదలవుతుంది. 'హవల్దార్, ఈఎంఈ, వెహికల్ మెకానిక్' అని ఒక్క లైను ఉంటుంది (ఈఎంఈ అంటే సైన్యంలో బండ్లు, యంత్రాలు బాగుచేసే విభాగం), హెచ్‌ఆర్‌లో ఉన్న కుర్రాడికి అది అర్థం కాక 'అనుభవం లేదు' అని పక్కన పడేస్తాడు. డిశ్చార్జి బుక్కు తెమ్మని అడిగి ట్రేడ్ (అంటే సైన్యంలో చేసిన పని), ర్యాంకు, క్యారెక్టర్ దగ్గర ఏమని రాశారో మీరే చూడండి. క్వార్టర్ మాస్టర్ హవల్దార్‌గా చేశాడంటే వంద మందికి పైగా సైనికులుండే దళానికి సామాన్ల లెక్క చూసినట్టు, మీ గోడౌన్‌కి ఇంకెవరు కావాలి? సిగ్నల్స్‌లో, అంటే సైన్యం కమ్యూనికేషన్ విభాగంలో చేసినవాళ్లు, నర్సింగ్ అసిస్టెంట్లు, క్లర్కులు, భారీ వాహనాల డ్రైవర్లు, ఎవరి పని వాళ్లకుంది. డిగ్రీ లేదని కూడా తోసేయకండి, పదో తరగతి పాసై 15 ఏళ్ల సర్వీసు చేసినవాళ్లను గ్రూప్ సి ఉద్యోగాలకు ప్రభుత్వమే డిగ్రీతో సమానంగా చూస్తోంది.

ఇంటర్వ్యూలో 'మీరేం సాధించారు' అని అడిగితే చాలామంది 'మా యూనిట్ చేసింది' అని ఆపేస్తారు, తన గురించి తను చెప్పుకోవడం వాళ్లకు అలవాటుండదు. 'బండి రాత్రిపూట ఘాట్ రోడ్డులో ఆగిపోతే, స్పేర్ పార్టు లేకపోతే ఏం చేసేవారు?' అని అడిగి చూడండి, అరగంట చెప్తారు.

ఒక్క విషయంలో మాత్రం గట్టిగా చెప్తున్నా. పెన్షన్ వస్తోంది కదా అని జీతం కోసేయకండి. పెన్షన్ ఆయన చేసిన సర్వీసుకి, జీతం మీ దగ్గర చేసే పనికి. నలభై దాటకముందే ఇంటికొచ్చిన మనిషికి పిల్లల చదువులు ఇంకా మధ్యలోనే ఉంటాయి, స్కూలు, ఇల్లు మారడానికి చేరే ముందు కొన్ని వారాలు టైమివ్వండి. చేరాక ఎవరికి రిపోర్టు చేయాలో, ఏది తన నిర్ణయమో మొదటిరోజే చెప్పేయండి, ముగ్గురు మేనేజర్లు మూడు మాటలు చెప్పే చోట వాళ్లు నలిగిపోతారు.

ఇక అగ్నివీరులు. 2022లో వచ్చిన అగ్నిపథ్ సైనిక నియామక పథకంలో నాలుగేళ్లయ్యాక కొనసాగించేది 25 శాతం వరకే, మిగతావాళ్లు ఇరవైల్లోనే పెన్షన్ లేకుండా బయటికొస్తారు. అనుభవం ఉన్న సూపర్‌వైజర్ కింద పని నేర్చుకునేలా వాళ్ల కోసం ఒకటి రెండు పోస్టులు ఇప్పుడే తీసి పెట్టండి.