అక్వేరియంలో కొయ్య, 2వ పాఠం: ఉడకబెట్టడం, నానబెట్టడం

పోయిన పాఠం చదివి మీరు చేపల తొట్టిలో పెట్టడానికి పెన్న ఇసుకలో ఎండిన వేరో, పెరట్లో ఏడాది కిందట కొట్టేసిన జామ కొమ్మో తెచ్చుకునే ఉంటారు. వేప, గన్నేరు, విరిస్తే పాలు కారేవి వద్దన్నాను కదా, ఇంకోటి కూడా కలుపుకోండి: రొయ్యల గుంటల నీళ్లు వదిలే కాలవల్లో దొరికినవి అసలు వద్దు, వాటిలో ఏ మందు ఇంకిందో మనం చూసి చెప్పలేం.

ముందు బెరడంతా తీసేయండి. తర్వాత బొటనవేలి గోరుతో అక్కడక్కడా నొక్కి చూడండి, గోరు దిగిందంటే అక్కడ పుచ్చినట్టే, గట్టి చెక్క తగిలేదాకా చెక్కేయాలి. కొబ్బరి పీచుతో రుద్ది కడగండి. సబ్బు, సర్ఫు మాత్రం ముట్టించొద్దు, చెక్క పీల్చుకున్నది మళ్లీ చేపల నీళ్లలోకే వస్తుంది.

ఇక ఉడకబెట్టడం. వంటకు వాడని పాత గిన్నెలో కొయ్య మునిగేలా నీళ్లు పోసి, తెర్లడం మొదలయ్యాక గంట, గంటన్నర ఉంచండి, ఆ నీళ్లు పారబోసి ఇంకోసారి. లోపలి పురుగూ బూజూ చస్తాయి, చెక్కలో గాలి పోయి నీళ్లు ఎక్కుతాయి. కుక్కర్‌లో పెట్టొద్దు. రోజంతా ఉడికించినా చెక్క మెత్తబడి తొందరగా కుళ్లుతుంది.

నానబెట్టడం దగ్గరే అందరూ తొందరపడతారు, నేనూ పడ్డాను. సగం పచ్చి ఆరని జామ కొమ్మని ఒక్కసారి ఉడికించి తొట్టిలో పెట్టేశాను. నాలుగో రోజుకి నీళ్లు పాలలా తెల్లబడ్డాయి, తెల్లవారి చూస్తే గప్పీ చేపలన్నీ పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయి, ఆరు చచ్చిపోయాయి. పచ్చి చెక్కలోని రసం తిని బ్యాక్టీరియా పెరిగిపోయి నీళ్లలోని ఆక్సిజన్ లాగేసింది. ఆ ఆరూ నా తొందర వల్లే పోయాయి, అందుకే ఇంత గట్టిగా చెప్తున్నాను.

నీళ్ల డ్రమ్ములో కొయ్య వేసి పైన రాయి బరువు పెట్టండి. మొదటి వారం రోజూ నీళ్లు మార్చండి, ఆ తర్వాత రెండు మూడు రోజులకోసారి చాలు. చేతివేలంత సన్నవి రెండు వారాల్లో తయారవుతాయి, లావు వేర్లకు నెల, రెండు నెలలు పట్టొచ్చు. మైపాడులోనో కొత్తపట్నంలోనో సముద్రం ఒడ్డున ఏరినవైతే ఉప్పు కూడా వదలాలి, ఇంకా ఎక్కువే నాననివ్వండి.

నీళ్లు డికాషన్ రంగుకి తిరిగితే టెన్షన్ పడకండి. అది చెక్కలోని టానిన్, ఎండిన బాదం ఆకులోనూ ఉండేదే, ఫైటర్ చేపలు పెంచేవాళ్లు ఆ ఆకుని కావాలనే వేస్తారు. పీహెచ్ కొంచెం తగ్గిస్తుంది, అంటే నీళ్లకి కాస్త ఆమ్ల గుణం వస్తుంది, సున్నం ఎక్కువున్న మన గట్టి బోరు నీళ్లలో ఆ తేడా కనపడేది తక్కువే. రొయ్యలు సాగు చేసే చుట్టం ఎవరైనా ఉంటే వాళ్ల నీళ్ల పరీక్ష కిట్‌తో పీహెచ్ ఒకసారి చూసుకోండి.

రంగు పల్చబడ్డాక బరువు రాయి తీసి చూడండి. కొయ్య తనంతట తాను అడుగునే ఉంటే పని అయినట్టే. తేలే వాటిని రాతికి బిగించడం వచ్చే పాఠంలో చేద్దాం, ఈలోపు స్టెయిన్‌లెస్ స్టీలు స్క్రూలు నాలుగు, చీమకుర్తి గ్రానైటు ముక్క ఒకటి సంపాదించి పెట్టుకోండి. కడప బండ వద్దు, అది సున్నపురాయి, నీళ్లని ఇంకా గట్టిపరుస్తుంది.