క్యాబిన్ బ్యాగు ఇంట్లో సరిపోయి ఎయిర్‌పోర్టులో ఎందుకు పట్టదు?

అమలాపురం నుంచి మధురపూడికి (రాజమండ్రి ఎయిర్‌పోర్టు), భీమవరం నుంచి గన్నవరానికి (విజయవాడ ఎయిర్‌పోర్టు) కారులో దాదాపు రెండు గంటల దారి. కౌంటరు దగ్గర బ్యాగు పట్టలేదని తేలేసరికి దింపడానికి వచ్చినవాళ్లు వెనక్కి బయల్దేరిపోయి ఉంటారు. కొలిచే పని ముందురోజే, బ్యాగు పూర్తిగా సర్దాక చేయాలి.

ఎకానమీ టికెట్‌కు ఇండిగో పరిమితి 55 × 35 × 25 సెంటీమీటర్లు. ఎయిర్ ఇండియాది 55 × 40 × 20. ఖతార్ ఎయిర్‌వేస్‌ది 50 × 37 × 25. ఎమిరేట్స్ 55 × 38 × 22 అంటుంది, ఇండియాలో ఎక్కేవారికి మాత్రం మూడు కొలతల మొత్తం 115 దాటకూడదని చెబుతుంది. ఈ నాలుగింటిలోనూ బరువు 7 కిలోలే. పరిమితులు మారుతుంటాయి కాబట్టి మీ టికెట్ మీద ఉన్న అంకెలే లెక్క.

లేబుల్ మీద 20 అంగుళాలని ఉంది, ఎయిర్‌పోర్టులో బ్యాగు పెట్టి చూసే కొలత ఫ్రేములో దిగలేదు

ఎక్కువమంది ఇక్కడే దెబ్బతింటారు. 20 అంగుళాలంటే 50.8 సెంటీమీటర్లు, కానీ చాలా కంపెనీలు ఆ అంకెను పెట్టె ఒంటికే చెబుతాయి. కింద చక్రాలు, పైన పట్టుకునే పిడి కలిస్తే మరో మూడు నుంచి ఐదు సెంటీమీటర్లు పెరుగుతుంది. 22 అంగుళాల పెట్టె అయితే ఒళ్లే దాదాపు 56, చక్రాల సంగతి చూడకముందే పరిమితి దాటింది.

టైలరు టేపుతో కొలవకండి, వాడగా వాడగా అది సాగుతుంది. పైగా బ్యాగు ఒంపు వెంట వంగి తప్పు చెబుతుంది. వడ్రంగి వాడే స్టీలు టేపు తీసుకోండి. బ్యాగును గోడకు ఆనించి చక్రాల మీద నిలబెట్టి, పైన ఒక గట్టి పుస్తకాన్ని అడ్డంగా గోడకు తాకేలా పెట్టి, దాని అడుగు గీత దగ్గర గోడ మీద పెన్సిల్ గుర్తు వేయండి. నేల నుంచి ఆ గుర్తు దాకా ఉన్నదే అసలు పొడవు. వెడల్పు, మందం కూడా ఇలాగే. పక్క పిడి, జిప్పు తల, అడుగున రబ్బరు బొడిపెలు అన్నీ లెక్కలోకి వస్తాయి.

పాత ట్రాలీ అయితే లాగుడు హ్యాండిల్ పూర్తిగా లోపలికి దిగుతోందా చూడండి. అంతర్వేది, నరసాపురం వైపు ఉప్పుగాలికి లోపలి గొట్టం తుప్పు పట్టి రెండు మూడు సెంటీమీటర్లు బయటే ఆగిపోతుంది. పొడిగుడ్డతో తుడిచి సిలికాన్ స్ప్రే కొట్టండి. కొబ్బరినూనె రాస్తే దుమ్ము పట్టి ఇంకా బిగుసుకుంటుంది.

మొత్తం 115 లోపే ఉంది, అయినా పట్టలేదు

55 × 40 × 20 కూడా 115, 55 × 35 × 25 కూడా 115. కూడిక ఒకటే గానీ, వెడల్పు 40 ఉన్న బ్యాగు 35 ఫ్రేములో దిగదు. ఏ వైపుకి ఆ వైపు విడిగా సరిపోల్చాలి. కొత్తగా కొనేవారికి మా మాట: చక్రాలతో కలిపి 50 × 35 × 20 లోపు ఉన్నది తీసుకోండి, పైన చెప్పిన నాలుగింటికీ సరిపోతుంది.

ఖాళీగా పట్టింది, సర్దాక పట్టలేదు

గుడ్డ బ్యాగులకు మందమే శత్రువు. ముందు అరలో చార్జర్లు, చెప్పులు కుక్కితే 20 కాస్తా 26 అవుతుంది. చుట్టూ తిరిగే రెండో జిప్పు విప్పి ఉంటే మరో మూడు నాలుగు సెంటీమీటర్లు. దాన్ని మూసి, ముందు అర ఖాళీ చేయండి. ఆత్రేయపురం పూతరేకుల పెట్టెను పై మూతకు ఆనించకుండా బట్టల మధ్య బల్లపరుపుగా పెట్టండి. మూత ఉబ్బదు, పూతరేకులూ నలగవు.

పరీక్షకు ఒక పెద్ద అట్టపెట్టె విప్పి, ఒక్క రేకులో ఇండిగో కొలతకు 35 × 25 కన్నం కోయండి, చుట్టూ పది సెంటీమీటర్ల అంచు ఉంచండి. ఇద్దరు అట్టను నిలువుగా పట్టుకుంటే మూడోవారు బ్యాగును పిడి వైపు నుంచి చక్రాల దాకా అందులోంచి తోయాలి. ఎక్కడ ఆగిందో అక్కడే ఎక్కువైంది. ఎయిర్ ఇండియాకు 40 × 20 కన్నం విడిగా కోసుకోవాలి.

కొలత సరే, బరువు తేడా

ఖాళీ ట్రాలీయే రెండున్నర నుంచి మూడున్నర కిలోలు తూగుతుంది. అంటే సామానుకు మిగిలేది నాలుగే. కొక్కెం కాటా సరైనదో కాదో తెలియాలంటే ఐదు లీటర్ల నీళ్లు కొలిచి పోసిన క్యాను వేలాడదీయండి: ఐదు కిలోలకు ఖాళీ క్యాను బరువు కలిపి చూపాలి. బాత్రూం కాటా అయితే బ్యాగు పట్టుకుని ఒకసారి, లేకుండా ఒకసారి ఎక్కి తేడా తీయండి.

బరువు తగ్గించడానికి ఆవకాయ సీసాను చెక్-ఇన్ సామానులోకి మార్చేయండి. క్యాబిన్‌లో అదెలాగూ పనికిరాదు. ఎండుకొబ్బరి మాత్రం రెండింటిలోనూ నిషేధం. అందులోని నూనె వల్ల దానంతటదే వేడెక్కి అంటుకునే సరుకుగా విమానయాన నియమాలు దాన్ని చూస్తాయి. అంబాజీపేట కురిడీలు తీసుకెళ్లాలనుకునేవారు ఇది ముందే తెలుసుకోవాలి.

ఒక విమానంలో పట్టింది, రెండోదానిలో పై అర చాలలేదు

రాజమండ్రి నుంచి హైదరాబాద్‌కు ఏటీఆర్ 72 వంటి చిన్న విమానాలు తిరుగుతాయి. వాటి పై అరలు ఎయిర్‌బస్ కంటే చిన్నవి. నియమం ప్రకారం ఉన్న బ్యాగును కూడా మెట్ల దగ్గర ట్యాగు వేసి సామాను గదిలోకి పంపవచ్చు. మీ తప్పేమీ లేదు, వాదించి లాభమూ లేదు. పాస్‌పోర్టు, మందులు, బంగారం, పవర్‌బ్యాంకు ఒక చిన్న సంచిలో వేసి బ్యాగులో అన్నింటికంటే పైన ఉంచండి, ట్యాగు వేసే ముందు ఆ సంచిని తీసేసుకోవచ్చు. పవర్‌బ్యాంకును సామాను గదిలోకి పంపకూడదు. 20,000 ఎంఏహెచ్‌ది 3.7 వోల్టుల లెక్కన 74 వాట్-అవర్లు. 100 లోపే కాబట్టి మీతోపాటు క్యాబిన్‌లోకి తీసుకెళ్లవచ్చు.