వేంపల్లికి వలసపోయిన పొదలు

కడపలో డిగ్రీ పిల్లలు నలుగురికి మ్యాపులు తయారుచేసే సాఫ్ట్‌వేర్ క్యూజీఐఎస్ నేర్పిస్తున్నాను. పని లంకమల అడవి అంచున ముళ్లపొదల మ్యాపు. అంతరించిపోయిందనుకున్న కలివికోడి అనే పిట్ట 1986లో మళ్లీ కంటబడింది ఈ పొదల్లోనే. తీరా ఫోన్లలో చూసి రాసుకున్న పాయింట్లు మ్యాపు మీద వేస్తే ఒక అమ్మాయి పకపకా నవ్వింది: "సార్, మన పొదలన్నీ వేంపల్లికి వలసపోయినాయి!"

నాకు మాత్రం టెన్షన్. రెండు వారాలు ఎండలో తిరిగిన పని. ముందు ప్రొజెక్షన్‌ని, అంటే గుండ్రటి భూమిని చదునైన మ్యాపుగా మార్చే లెక్కని, అనుమానించి ఒక సాయంత్రం వృథా చేశాను. మర్నాడు పాయింట్ల అక్షాంశ రేఖాంశాలు ఎక్కించిన స్ప్రెడ్‌షీటుని ఊరికే పైనుంచి కిందికి చదవమన్నాను. ఆ అమ్మాయే పట్టేసింది: చివరి రెండు అంకెలు ఏ వరుసలోనూ 59 దాటలేదు. అంటే అవి సెకన్లు! ఫోన్ 14°36'20" (14 డిగ్రీల 36 నిమిషాల 20 సెకన్లు) అని చూపిస్తే, మనవాళ్లు చుక్క పెట్టి 14.3620 అని రాసుకున్నారు. అసలు విలువ 14.6056. అక్షాంశంలోనే 27 కిలోమీటర్ల తేడా, రేఖాంశంలో ఇంకా ఎక్కువ.

నిమిషాలను 60తో, సెకన్లను 3600తో భాగించి డిగ్రీలకు కలిపితే సరిపోయింది. కాకపోతే ఇంకో తిరకాసు. షీటు చివరి సున్నాను మింగేసి 14.362 చేస్తుంది, అప్పుడు 20 సెకన్లు 2 అయిపోతాయి. అందుకని ముందు నాలుగు దశాంశాలతో టెక్స్ట్‌గా మార్చి, తర్వాతే ముక్కలు చేయించాను.

ఫార్ములా వాళ్లే రాశారు. నేను చేతులు కట్టుకుని కూర్చున్నాను, అదే కష్టమైంది. ఇప్పుడు బయల్దేరే ముందు నాలుగు ఫోన్లూ దశాంశ డిగ్రీలకు మార్చి, కాలేజీ గేటు దగ్గర ఒక పాయింటు తీసి చూసుకుంటున్నారు.